కారులో బేస్ అంటే మోత కాదు, దెబ్బ! ఇంకో సబ్ కొనే ముందు ఈ 6 పనులు చేసి చూడండి

చాలా మంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, సబ్‌వూఫర్ పెట్టించాను కానీ పంచ్ రావట్లేదు. ఊకే బుయ్యిమని మోగుతుంది. ఏం మార్చాలి?"

నాదీ ఇదే కథ. అమీర్‌పేట్‌లో కోర్సు చేసి, జాబ్ వచ్చాక ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఆరు నెలలు దాచుకున్న డబ్బుతో 12 అంగుళాల సబ్, ఒక ఆంప్ బిగించుకున్నా. మొదటి రోజు ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట వచ్చేసరికి డిక్కీ అదిరింది, నంబర్ ప్లేట్ గలగలలాడింది. పాట మాత్రం అర్థం కాలేదు! మళ్ళీ షాపుకి పోతే "ఇంకో సబ్ వేద్దాం" అన్నారు. జేబులో డబ్బుల్లేక వేయించలేదు. అదే మంచిదైంది. ఒక ఆదివారం పొద్దున కూర్చుని సెట్టింగ్స్ సరిచేస్తే, అదే సబ్ వేరే సబ్‌లా మోగింది.

ముందు పంచ్ అంటే ఏంటో చూద్దాం. ఖైరతాబాద్ వినాయకుడి నిమజ్జనం రోజు డప్పుల పక్కన నిలబడ్డారా? తీన్మార్‌లో ఒక్కో దెబ్బ గుండెకి తగులుతుంది, వెంటనే ఆగుతుంది. తర్వాతి దెబ్బకి చోటు ఉంటుంది. అదీ పంచ్. ఇప్పుడు ఖాళీ నీళ్ళ డ్రమ్ము మీద కొట్టండి. కొట్టింది ఒక్కసారే, మోత మాత్రం సాగుతూనే ఉంటుంది. మన కార్లలో చాలా వరకు వచ్చేది ఈ రెండోదే.

ఇంకో విషయం. సుమారు 60 హెర్ట్జ్ కింద ఉండేది లోతైన బేస్, అది సబ్ పని. ఛాతీకి తగిలేది 60 నుంచి 120 మధ్య ఉంటుంది. కిక్ డ్రమ్‌లో మొదట వినిపించే 'టక్' అయితే ఇంకా పైన, ముందు డోర్ స్పీకర్లలో, ట్వీటర్లలో ఉంటుంది. అంటే సబ్ ఒక్కటే పంచ్ ఇవ్వలేదు. డోర్ స్పీకర్లు, సబ్ రెండూ ఒకేసారి కొట్టాలి, ఒకేసారి ఆగాలి. ఈరోజు చెప్పేదంతా ఈ ఒక్క మాట కోసమే.

1. అన్నీ సున్నా చేయండి. స్టీరియోలో బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ ఆఫ్. ఈక్వలైజర్ ఫ్లాట్. ఫోన్‌లో మ్యూజిక్ యాప్‌కి కూడా ఈక్వలైజర్ ఉంటుంది, అది మర్చిపోకండి. మూడు చోట్ల బేస్ పెంచి, నాలుగో చోట తగ్గిస్తూ కూర్చుంటే ఎప్పటికీ సెట్ అవ్వదు.

2. డోర్ చూడండి. డోర్ స్పీకర్‌కి డోరే డబ్బా. స్పీకర్ వెనక నుంచి వచ్చే గాలి రంధ్రాల్లోంచి ముందుకు వస్తే, ముందు బేస్‌ని అదే చంపేస్తుంది. డోర్ ప్యానెల్ విప్పించి, లోపలి రంధ్రాలు మూయించి, రేకు మీద డ్యాంపింగ్ షీట్ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. స్పీకర్ మార్చే ముందు చేయాల్సిన ఖర్చు ఇది. నంబర్ ప్లేట్ వెనక ఫోమ్ టేప్ కూడా అతికించండి.

3. పని పంచండి. దీన్నే క్రాస్‌ఓవర్ అంటాం. సబ్‌కి లో పాస్ 80 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకి హై పాస్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. లోతైన బేస్ బరువు దిగిపోతే డోర్ స్పీకర్లు శుభ్రంగా కొడతాయి. సబ్‌ని 120, 150 దాకా వదిలేస్తే మగ గొంతులు డిక్కీలోంచి వినిపిస్తాయి. సబ్ లేని వాళ్ళు మాత్రం హై పాస్ 50, 60 దగ్గరే ఉంచండి.

4. ఫేజ్. ఎక్కువ మంది వదిలేసేది ఇదే, నా కారులో తప్పు కూడా ఇక్కడే ఉంది. 80 హెర్ట్జ్ అల పొడవు సుమారు 4.3 మీటర్లు. డిక్కీలో సబ్ మీకు దూరం, డోర్ స్పీకర్ దగ్గర. రెండు అలలు ఎదురెదురై వస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆంప్‌లో పవర్ ఉన్నా మీ చెవికి రాదు! డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దాలు మూసి, 80 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. ఫేజ్ స్విచ్ 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టించండి. ఏది గట్టిగా వినిపిస్తే అదే కరెక్ట్. స్విచ్ లేకపోతే, సిస్టమ్ ఆఫ్ చేసి సబ్ ప్లస్, మైనస్ వైర్లు మార్చి చూడండి. మీ స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే ఇంకా మంచిది. శబ్దం ఒక మీటరు రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. డోర్ స్పీకర్లని ఆ తేడా మేరకు ఆలస్యం చేస్తే, సబ్ దెబ్బ ముందు నుంచే వస్తున్నట్టు ఉంటుంది.

5. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది గెయిన్. స్టీరియోని ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి, గెయిన్ మెల్లగా పెంచండి. శబ్దం చిరిగినట్టు అనిపించగానే కొంచెం వెనక్కి రండి. అక్కడే వదిలేయండి. బేస్ 3 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్ పవర్ రెట్టింపు కావాలి, 10 పెంచాలంటే 10 రెట్లు! ఆంప్ దగ్గర అంత లేకపోతే సిగ్నల్ తెగిపోతుంది, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. పవర్ వైర్‌కి బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. అది పాట కోసం కాదు, కారు తగలబడకుండా.

6. పెంచకండి, తగ్గించండి. చిన్న కారులో అద్దాలు మూస్తే లోతైన బేస్ దానంతట అదే పెరుగుతుంది. అందుకే ఏదో ఒక నోటు దగ్గర మాత్రం బుయ్యిమంటుంది. 40 నుంచి 70 మధ్య ఒక్కో బ్యాండ్ 3 డెసిబెల్స్ తగ్గించి వినండి. మోత పోయిన చోట ఆగండి.

"సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా" అని అడుగుతారు. పోర్టెడ్ గట్టిగా మోగుతుంది, కానీ సరిగ్గా కట్టకపోతే మోత సాగుతుంది. పంచ్ కావాలి, చోటు తక్కువ అంటే సీల్డ్ తీసుకోండి.

ఇప్పుడు రోడ్డు మీద టెస్ట్. బండి ఆపి సెట్ చేసిన బేస్, స్పీడ్ అందుకోగానే మాయమవుతుంది. టైర్ల శబ్దం కూడా లో ఫ్రీక్వెన్సీయే కాబట్టి బేస్‌ని కప్పేస్తుంది. పంజాగుట్ట సిగ్నల్‌లో ఆగగానే మళ్ళీ పైకొస్తుంది. దీనికోసం ఈక్వలైజర్ ముట్టుకోవద్దు. సబ్‌కి విడిగా లెవెల్ నాబ్ పెట్టించుకుని, 2, 3 డెసిబెల్స్ అటూ ఇటూ చేసుకోండి.

చివరిగా ఒక సీరియస్ మాట. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండటం చెవికి హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్తుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. పోయిన వినికిడి సర్వీసింగ్‌తో తిరిగి రాదు. పంజాగుట్టలోనే నిమ్స్ హాస్పిటల్ ఉంది. హాస్పిటల్ చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. బేస్ గోడల్లోంచి కూడా పోతుంది, లోపల పడుకున్న వాళ్ళకి తగులుతుంది. వెనక వచ్చే అంబులెన్స్ సైరన్ మీకు వినపడాలి కదా?

మంచి సెట్టింగ్ ఉంటే తక్కువ వాల్యూమ్‌లోనే దెబ్బ తెలుస్తుంది. ముందు ఫేజ్ టెస్ట్ చేయండి, రెండు నిమిషాల పని. 0లో బాగుందా, 180లో బాగుందా కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి, బై ఫ్రెండ్స్!