బాలకృష్ణుని ఆటలు – నందుని వివేకం

బాలకృష్ణుని లీలలను తలచుకొన్నప్పుడు యశోదమ్మ వాత్సల్యమే ముందుగా గుర్తుకు వస్తుంది. కాని ఆ బాలుడు ఎక్కడ ఆడుకొన్నాడు, ఎంత దూరం వెళ్లాడు అనే విషయాల వెనుక తండ్రి అయిన నందుని వివేకం కూడా ఉన్నది. భాగవత దశమ స్కంధం ఈ సంగతిని చక్కగా తెలుపుతున్నది.

గోకులంలో పూతన, శకటాసురుడు, తృణావర్తుడు ఒకరి వెంట ఒకరు ఆపదలు తెచ్చారు. తరువాత, రోటిని ఈడ్చుకొంటూ పోతున్న బాలుని ప్రక్కనే జంట మద్దిచెట్లు కూలాయి. పరుగున వచ్చిన నందుడు కుమారుని గద్దింపక, నవ్వుతూ కట్లు విప్పాడు. పిల్లల క్షేమం కోసం ఆ చోటు విడువవలెనని ఉపనందుడనే పెద్ద హితవు చెప్పగా, గోపకులందరూ బండ్లు కట్టుకొని బృందావనం చేరారు. ఆపదకు వెరచి పిల్లల ఆట మాన్పింపక, ఆటస్థలాన్నే మార్చారు.

గోవర్ధనగిరిని, యమునా తీరపు ఇసుకతిన్నెలను చూసి రామకృష్ణులు సంతోషించారు. పెద్దలు వారికి మొదట దూడలను అప్పగించారు. వ్రేపల్లెకు దగ్గరలోనే వాటిని మేపుతూ బాలురు వేణువులూదారు, మారేడు, ఉసిరి కాయలు విసిరారు, దాగుడుమూతలాడారు, కోతులవలె గెంతారు. అయిదేండ్లు దాటి పౌగండ వయసు వచ్చిన తరువాతనే ఆవులను కాచే బాధ్యత లభించింది. ఈ విధంగా వయసుతోపాటు బాధ్యత పెరిగింది, తిరిగే మేర కూడా పెరిగింది.

ధ్రువోపాఖ్యానం దీనికి భిన్నమైనది. బిడ్డకు తొలి ఆటస్థలం తండ్రి ఒడి. ఉత్తానపాదుని ఒడిలో ఉత్తముడు కూర్చుండగా, ధ్రువుడు కూడా ఎక్కబోయాడు. సురుచి అడ్డగించింది, తండ్రి మిన్నకున్నాడు. అయిదేండ్ల బాలుడు మధువనానికి తపస్సుకై వెళ్లిపోయాడు. భగవదనుగ్రహంతో కథ శుభాంతమైనా, అడవిలో పసివాడు ఏమైనాడోనని ఆ రాజు నారదుని ఎదుట దుఃఖించవలసివచ్చింది.

నేడు వీధులు వాహనాలతో నిండిపోయాయి. ఆ భయంతో బిడ్డను గదిలో ఉంచి, చేతికి ఫోను ఇచ్చే తండ్రులు ఎందరో ఉన్నారు. వారికి నందుని నడత మార్గదర్శకం. క్షేమమైన మైదానాన్నో ఉద్యానవనాన్నో వెదకి, కొంతసేపు బిడ్డను అక్కడికి తీసుకొనిపోవాలి. మొదట కంటి ఎదుట, పిదప పిలుపు వినబడే దూరంలో, ఆ తరువాత తోటిపిల్లలతో ఆడనివ్వాలి. చోటు చూపడం తండ్రి ధర్మం. ఆట మాత్రం బిడ్డదే. కుమారుడైనా కుమార్తె అయినా ఈ ధర్మం ఒక్కటే.