మేళం కట్టే చేయి

బొబ్బిలి అనగానే తెలుగువారి మనస్సులో మొదట మెదిలేది యుద్ధం. పుదుచ్చేరి ఫ్రెంచివారి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట 1757 జనవరి 24న కూలిపోయింది. ఆ తరువాత స్మరణకు వచ్చేది వీణ. ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి ఢిల్లీలో సారథ్యం వహించిన ఈమని శంకరశాస్త్రి (1922-1987) పుణ్యమా అని వీణానాదం రాజధానికి కొత్త కాదు. ఆ నాదం వెనుక ఉన్న పనివాని సంగతే ఇక్కడ తలచేవారు తక్కువ.

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. కుండ, దండి వేరువేరుగా చేసి అతకరు. ఒకే పనసమానును తొలిచి మలుస్తారు. అందుకే దానికి ఏకాండి వీణ అని పేరు. అయితే చెక్కడంతో పని ముగియదు. స్థాయికి 12 చొప్పున 24 మెట్లు అమర్చాలి. ఈ ఏర్పాటును తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలానికి ముడిపెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండిపై పరచి, ఒక్కొక్క మెట్టును చెవితో విని స్వరస్థానంలో నిలుపుతారు. ఇదే మేళం కట్టడం.

ఇబ్బంది కూడా ఇక్కడే ఉన్నది. మే, జూన్ మాసాల ఢిల్లీ ఎండలకు మైనం మెత్తబడుతుంది. మెట్టు కాస్త కుంగితే చాలు, స్వరం తప్పుతుంది.

1930లలో ఇంగ్లండులో జార్జి ఫార్మ్‌బీ వాయించి ప్రసిద్ధికెక్కించిన బాంజో యుకలేలీని చూడండి. గుండ్రని చట్రంపై బిగించిన తోలు, నాలుగు తంత్రులు, చుట్టూ మరలు. తేమకు తోలు సడలితే వాయించేవాడే మరలు తిప్పి బిగించుకోగలడు. వీణకు ఆ సౌలభ్యం లేదు. కొన్నేళ్లకొకసారి మైనం మార్చి మేళం కట్టే నిపుణుడు కావలసిందే. వీణను కొన్నవాడికి దానిని చేసినవాడితో జీవితాంతం పని ఉంటుంది.

పార్లమెంటు 1999లో చేసిన చట్టం కింద బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసిన విషయమే. కాని చట్టం కాపాడేది పేరును. ముదురు పనసమాను దొరకడం కష్టమవుతున్నది. బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలకు గిరాకీ ఉన్నది. అవి బల్లమీద అందంగా ఉంటాయి. వాటికి మేళం కట్టే అవసరం రాదు. చిన్న వీణలు పనివాని ఇంట పొయ్యి వెలిగిస్తాయి, కాదనలేము. కాని వాటితోనే సరిపెట్టుకుంటే చెక్కే చేయి మిగులుతుంది. వినే చెవి మిగలదు. ఆ చెవిని సంపాదించడానికి కుర్రవానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం అతనికి కూడు పెట్టే ఏర్పాటు ఏదైనా జరిగితేనే ఆ గుర్తింపునకు సార్థకత.