కంప్యూటర్‌లో ఉప్పెన

జూబ్లీహిల్స్, ఫిలిం నగర్ స్టూడియోలలో సముద్రాన్ని కంప్యూటర్‌పై పొంగించడం నేడు సామాన్యమైన పని. కెరటం భయంకరంగా కనిపిస్తే చాలు. అది ఏ ఊరిని ఎంత లోతున ముంచిందని ప్రేక్షకుడు అడగడు. అదే హైదరాబాదు నగరపు మరొక అంచున, ప్రగతినగర్‌లో, సరిగ్గా ఆ ప్రశ్నకే సమాధానం వెదకుతున్నారు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో (ఇన్‌కాయిస్) 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరికల విభాగం పనిచేస్తున్నది. సముద్రం లేని నగరం సముద్రానికి కావలి కాస్తున్నదన్నమాట! (ఉర్దూలో గాని, తెలుగులో గాని ఈ కెరటానికి జపాను మాటే వాడుకలో నిలిచింది.)

2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించిన రెండు గంటలకు పైగా గడిచిన తరువాతనే కెరటం మన తూర్పు తీరాన్ని తాకింది. వ్యవధి ఉన్నది, హెచ్చరిక లేదు.

లెక్క ఎట్లా సాగుతుంది? సముద్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. ప్రతి గడిలోని నీటి మట్టాన్ని, వేగాన్ని పక్క గడుల ఆధారంగా క్షణక్షణానికి గణిస్తారు. కెరటపు వేగం లోతుపై ఆధారపడుతుంది: 4000 మీటర్ల లోతున గంటకు సుమారు 710 కిలోమీటర్లు, 10 మీటర్ల లోతున 36 మాత్రమే. వేగం తగ్గినకొద్దీ ఎత్తు పెరుగుతుంది. నడిసముద్రంలో అరమీటరు ఉన్నది ఒడ్డున రెండు మీటర్లు దాటవచ్చు. భూకంపం వచ్చాక ఇదంతా మొదలుపెట్టే తీరిక ఉండదు గనుక, అనేక ఊహా భూకంపాలకు ముందే లెక్కగట్టి భద్రపరుస్తారు. సముద్రగర్భంలోని పీడన మాపకాలు, తీరంలోని మట్టమాపకాలు ఆ అంచనాను సరిచూస్తాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపాన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా పెద్ద సునామీ రాలేదు. భూఫలకాలు ప్రధానంగా అడ్డంగా జరిగాయే గాని నీటిని పైకెత్తలేదు.

నా దృష్టిలో అసలు చిక్కు సముద్రంలో లేదు, నేల మీద ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది తుపాను ఉప్పెన, సునామీ కాదు. అయినా నీరు నేలపై వ్యాపించే తీరు ఒక్కటే. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. అటువంటి బల్లపరుపు డెల్టాలో నేల ఎత్తును ఒక్క మీటరు తప్పుగా కొలిస్తే, ముంపు గీత ఎన్నో ఊళ్లు దాటి జరిగిపోతుంది. కాలువ నీటికి దారి ఇస్తుంది. మడ అడవి దాని వేగాన్ని తగ్గిస్తుంది. కొత్త రోడ్లు, రొయ్యల చెరువుల గట్లు లేచినచోట పాత ఎత్తుల పటంతో చేసిన లెక్క పనికిరాదు. ఆ నేలను మళ్లీ కొలవవలసిందే.