స్టీల్ టో మీద నింద

"స్టీల్ టో షూ వేసుకుంటే అంతే సంగతులు. బంతి తగిలితే ఆ రేకు లోపలికి వంగి వేళ్లు తెగిపోతాయి." అమెరికాలో పిల్లల లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆటలకు అంపైరింగ్ చేసే మన తండ్రుల నోటా ఇదే మాట, ఇక్కడ స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ హోమ్ ప్లేట్ వెనక అంపైర్లుగా నిలబడే పీఈటీల నోటా ఇదే మాట. ఎవరి వేళ్లు తెగాయండీ అని అడిగితే, తెలిసినవాళ్ల ఆఫీసులో ఒకాయనకట. ఆ ఒకాయన ఎప్పుడూ దొరకడు. దొరికేవాళ్లు వేరే ఉన్నారు. ఈ మాట నమ్మి రన్నింగ్ షూతో ప్లేట్ వెనక నిలబడి, బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయినవాళ్లు. వేలెముక చిట్లి వారాల తరబడి కుంటినవాళ్లు.

ఆ ఉక్కు ముక్క, అంటే టో క్యాప్, షూ ముక్కులో వేళ్ల మీదుగా వంపు తిరిగి, పాదం మడత పడే చోటికి కాస్త ముందే ఆగిపోతుంది. దాని వెనక అంచు కిందికి వంగి కత్తిలా దిగుతుందన్నది పుకారు. అది వంగుతుందో లేదో ఎవరో ఊహించి చెప్పనక్కర్లేదు, పరీక్షించాకే అమ్ముతారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2413 ప్రకారం టో క్యాప్ మీద సుమారు 102 జౌళ్ల దెబ్బ వేస్తారు. అంటే దాదాపు 23 కిలోల బరువును 46 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలడం. అంత దెబ్బ తిన్నాక కూడా మగవాళ్ల షూలో వేళ్లకు 12.7 మిల్లీమీటర్ల ఎత్తు ఖాళీ మిగలాలి. మరో పరీక్షలో సుమారు 1,134 కిలోల బరువుతో అదిమి చూస్తారు. అప్పుడూ అంతే ఖాళీ ఉండాలి.

ఇక బంతి సంగతి. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు. పన్నెండేళ్ల కుర్రాడు గంటకు 96 కిలోమీటర్ల వేగంతో విసిరాడనుకున్నా దాని శక్తి 52 జౌళ్ల దగ్గర ఆగుతుంది. పరీక్షలో వేసే దెబ్బలో సగం! పెద్ద లీగుల్లో వేసే 150 కిలోమీటర్ల బంతికైతే లెక్క 126 దాకా పోతుంది, నిజమే. కానీ బంతి తన శక్తినంతా షూకి ధారపోసి అక్కడే ఆగిపోదు. తాను కొంత నొక్కుకుపోతుంది, పక్కకు జారుతుంది, మళ్లీ ఎగిరిపోతుంది. రేకు నిజంగా చదునైపోవాలంటే టన్నుల బరువు పడాలి. అంత బరువు పడితే మామూలు గుడ్డ షూలోని పాదం ఏమవుతుందో ఈ పుకారు మోసేవాళ్లలో ఒక్కరూ అడగరు. 2005లో 'మిత్‌బస్టర్స్' టీవీ కార్యక్రమం ఇదే పుకారును పరీక్షకు పెట్టి, మామూలు బూటు కంటే స్టీల్ టోయే మేలని తేల్చింది. ఇన్నేళ్లయినా ఆ కబురు మన వాట్సాప్ గ్రూపులకు చేరలేదు.

"ముందు క్యాచర్ ఉన్నాడుగా, మన కాలికేం తగులుతుంది?" ఇది ఇంకో ధీమా. అంపైర్ క్యాచర్ వెనకాల దాక్కోడు. బ్యాటర్‌కీ క్యాచర్‌కీ మధ్య సందులో తల పెడతాడు, ఆ వైపు పాదం ముందుకు వేస్తాడు. కుడిచేతి బ్యాటర్ ఉంటే ముందుకొచ్చేది ఎడమ పాదం. కొన్నాళ్లు వాడిన ప్లేట్ షూ (ప్లేట్ వెనక అంపైర్ తొడిగే స్టీల్ టో షూ) జతను ఎండలో పెట్టి చూడండి: సాధారణంగా ఎడమ షూ ముక్కు మీదే గీతలు, సొట్టలు ఎక్కువ. బ్యాట్ అంచు తగిలి కిందికి తిరిగిన బంతులు వచ్చి పడేది అక్కడే.

లెగ్ గార్డ్ ఉంటే చాలదా అంటారు. దాని అడుగున వేలాడే ముక్క పాదం మీద కొంత భాగాన్నే కప్పుతుంది, వంగి కూర్చుంటే అదీ పక్కకు తొలగుతుంది. అందుకే అసలైన ప్లేట్ షూకి లేసుల మీద గట్టి కవచం ఒకటి అదనంగా ఉంటుంది. కొనేటప్పుడు ముక్కు తట్టి చూసి మురిసిపోకండి, ఆ కవచం ఉందా లేదా చూడండి. ప్రమాణం ముద్ర సాధారణంగా నాలుక లోపల ఉంటుంది, అదీ చదవండి.

సాఫ్ట్‌బాల్‌కు ఇవన్నీ ఎందుకంటారా? 12 అంగుళాల ఆ బంతి 178 నుంచి 198 గ్రాములు, బేస్‌బాల్ కంటే బరువు.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఒప్పుకోక తప్పదు. స్టీల్ టో బరువే. ఎండలో వరసగా రెండు ఆటలు నిలబడితే పిక్కలకు తెలుస్తుంది. తేలికగా ఉంటుందని లోహం కాని కాంపోజిట్ టో తీసుకోవచ్చు. అయితే అది మందంగా ఉండి ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. దెబ్బ తిన్న ఉక్కుకు సొట్ట కనిపిస్తుంది గానీ, కాంపోజిట్‌లో చీలిక పైకి కనపడకపోవచ్చు. గట్టి దెబ్బ తగిలితే ఏదైనా సరే మార్చేయాల్సిందే. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అనే అంగడివాడి మాట మాత్రం నమ్మకండి. తోలు సాగుతుంది, ఉక్కు సాగదు. కొట్లో నొక్కిన చోట ఎప్పటికీ నొక్కుతూనే ఉంటుంది. అలాగని ఒక సైజు పెద్దది కొంటే మడమ జారి బొబ్బలెక్కుతుంది. పొడవు కాదు, వెడల్పు ఎక్కువున్నది అడగండి. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట వెళ్లండి. ఆటలో తొడిగే సాక్సులే తొడిగి, కొట్లోనే ప్లేట్ వెనక వంగినట్టు వంగి చూడండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి.

ప్లేట్ షూ ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో దొరికే ఫ్యాక్టరీ సేఫ్టీ షూని చూసి ముఖం చిట్లించేవాళ్లున్నారు. లేసుల మీద కవచం ఉండదు, అట్ట గట్టిగా ఉండి పరుగుకు పనికిరాదు, అంతవరకు సరే. కానీ ఐఎస్ 15298 ముద్ర ఉన్న సేఫ్టీ షూ 200 జౌళ్ల దెబ్బకు పరీక్షించినది, అమెరికా లెక్కకు దాదాపు రెట్టింపు. కాన్వాస్ షూతో నిలబడే పీఈటీకి అది వెయ్యి రెట్లు నయం.

టోర్నమెంటు నిర్వాహకులకు ఒక మనవి. అంపైర్‌కు మాస్కు, చెస్ట్ ప్రొటెక్టర్ మీరే ఇస్తున్నారు. అదే కిట్ బ్యాగులో 8, 9, 10 సైజుల సేఫ్టీ షూలు ఒక్కో జత పెట్టండి.