పర్మిట్టు – మంచి పని

తారానగర్ ప్రాంతములో ఖనిజపు లారీని ఎరుగని పిల్లవాడుండడు. నీతి అంటే ఏమిటో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములు తిరగవేయనక్కర లేదు. ఆ లారీ వెంట కొంతదూరము నడిస్తే చాలును.

గాలికి ఎర్రదుమ్ము లేచి పక్క చేనిలో పడింది. రైతుకు నష్టమే, కాని గాలిని తప్పుపట్టము. దానికి ఇచ్ఛ లేదు, ఎరుక లేదు. ఆ రెండూ ఉన్నచోటనే మంచిచెడ్డల విచారణ మొదలవుతుంది. పసిపిల్లల చేష్టలను నీతి తక్కెడలో వేయనిది అందుకే.

ఇక లారీ సంగతి. పర్మిట్టు 16 టన్నులకు ఉన్నది, నింపినది 20 అనుకొందాము. డ్రైవరుకు తెలుసు. కాదంటే రేపు బండి మరొకరి చేతికి పోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. యజమానికీ తెలుసు, ఆయన పొయ్యికి లోటేమీ లేదు. కాటా దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండా ముద్ర వేశాడు. పని ఒకటే గాని ముగ్గురి బాధ్యత ఒకటి కాదు. బలవంతము పెరిగినకొద్దీ దోషము తగ్గుతుంది, పూర్తిగా పోదు. యజమాని సంగతి లోకమంతా అంటుంది. నేనూ గుమాస్తానే గనుక ఆ ముద్ర వేసినవానిని అంత తేలికగా వదలలేను. తెలియకుండా ఉండవలెనని తల దించుకొన్నవాడు తెలిసి చేసినవాడే.

2011 జులై 27న లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే గారు అక్రమ తవ్వకాలపై నివేదిక ఇచ్చారు. 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు నిలిపివేసింది. ఆగినవారందరూ ఆ రోజున నీతిమంతులైనారా? భయపడి మానినా చట్టానికి చాలును, నీతికి చాలదు. జర్మను తత్త్వవేత్త కాంట్ 1785లో ఒక దుకాణదారును చూపించాడు. బేరము తెలియని పిల్లవాడు వచ్చినా అతడు సరియైన ధరే తీసికొంటాడు. వ్యాపారము చెడుతుందని అలా చేస్తే అది కర్తవ్యబుద్ధి కాదన్నాడు కాంట్. ఈ మాట మా ఇంటావిడకు చెబితే, “ఆయన మనసుతో నాకేమి పని? తూకము సరిపోతే చాలు” అన్నది. అదీ కొట్టివేయదగిన మాట కాదు. నష్టపడేవానికి ఎదుటివాని ఉద్దేశము కన్న ఫలితమే ముఖ్యము.

2013లో సుప్రీంకోర్టు షరతులతో తవ్వకాలకు తిరిగి అనుమతించింది. పర్మిట్టు ప్రకారము 16 టన్నులే నింపుకొని లారీ వెళ్ళిందనుకొందాము. చట్టము తృప్తిపడింది. దుమ్ము మాత్రము ఆ చేనిలోనే పడుతున్నది. ఆ పర్మిట్టు మీద రైతు సంతకము ఉన్నదా?