బడ్జ్ బడ్జ్ రేవుకి కొత్త పంటు గీస్తే...

జనం, మోటార్‌సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ కలిసి దాటే పంటు నరసాపురం–సఖినేటిపల్లి రేవులో మనవాళ్లకి కొత్త కాదు. కోల్‌కతాకి దిగువన హుగ్లీ తూర్పు గట్టునున్న బడ్జ్ బడ్జ్ నుంచి అవతలి బౌరియాకీ రేవు దాటుతారు. అక్కడికి జనాన్నీ సరుకునీ మోసే కొత్త పడవ కావాలంటే నౌకా ఇంజనీరు మొదట చూసేది పడవని కాదు, గట్టుని.

హుగ్లీకి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అమావాస్య, పున్నముల దగ్గర నీరు మీటర్ల కొద్దీ లేస్తుంది. ఒక్కోసారి నదికి ఎదురెక్కి గోడలా అల వస్తుంది, బెంగాలీలు దాన్ని ‘బాన్’ అంటారు. అందుకే రేవులో తేలే పాంటూన్, దాని మీదికి వాలే వంతెన కావాలి. ఆటు సమయంలో ఆ వంతెన వాలు ఎంత ఉంటుందన్నదే అసలు ప్రశ్న. మనిషి ఎలాగో ఎక్కుతాడు, లోడు లారీ ఎక్కదు. 2017 ఏప్రిల్ 26న ఎగువన తెలినిపాడా ఘాట్‌లో వెదురు జెట్టీ కూలి ప్రాణాలు పోయాయి. పడవ ఎంత గట్టిదైనా జెట్టీ వెదురుదైతే ఏం లాభం?

ఇక మనుషుల తూకం. అంతర్జాతీయ నౌకా సంస్థ నియమావళిలో ఒక్కో ప్రయాణికుడికి సాధారణంగా 75 కిలోలు. నిలబడ్డవాడి బరువు డెక్ మీద మీటరు ఎత్తున, కూర్చున్నవాడిది సీటుపైన 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నట్టు లెక్క. చదరపు మీటరుకి నలుగురు చొప్పున అందరూ ఒకే పక్కకి చేరినా పడవ 10 డిగ్రీలకి మించి ఒరగకూడదు. 200 మంది అంటే 15 టన్నులు. ఆ బరువంతా మూడు మీటర్లు పక్కకి జరిగితే పడవని ఒరిగించే భ్రామకం 45 టన్ను–మీటర్లు. అలా ఎప్పుడు జరుగుతారంటారా? రేవు దగ్గరపడగానే, రోజూ! తాడు కట్టకముందే దూకేవాళ్లు లేని రేవు మన దేశంలో ఎక్కడుంది?

వాహనాలెక్కే పడవకి ఇంకో గండం, డెక్ మీదికొచ్చే నీరు. విశాలమైన డెక్ మీద నీరు పలచగా చేరినా చాలు, అటూ ఇటూ పరిగెత్తి పడవని పడదోస్తుంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె నుంచి ముందు తలుపులు మూయకుండానే బయల్దేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు.

వేగం మీద మోజు మాత్రం ఖరీదైనది. స్థూలంగా వేగం రెట్టింపైతే ఇంజను శక్తి ఎనిమిదింతలు కావాలి. నది దాటడానికి అంత తొందరెందుకు? ఎక్కించి దించడంలో మిగిల్చే నిమిషాలు చవక.

బడ్జ్ బడ్జ్‌కి సరుకు ఓడలో మనుషులు రావడం చరిత్రే. 1890లో గ్లాస్గోలో కట్టిన కొమగాట మారు అసలు సరుకు ఓడ. దానికి బెంచీలు బిగించి, బొగ్గు కూడా ఎత్తి, 1914లో 376 మందితో వాంకోవర్ వెళ్లింది. అక్కడ ఎక్కువమందిని దిగనివ్వలేదు. తిరిగొచ్చిన వాళ్ల మీద సెప్టెంబరు 29న బడ్జ్ బడ్జ్‌లో కాల్పులు జరిగాయి. ఊరి రైల్వే స్టేషను పేరులో ఇప్పుడు ఆ ఓడ పేరుంది.

ఈ రేవులో చమురు జెట్టీలున్నాయి. ట్యాంకర్లు వచ్చిపోయే దారికి అడ్డంగా పోయే పడవ చప్పున ఆగాలి, చప్పున తిరగాలి. రెండు పొట్టలున్న కెటమరాన్ ఆకారానికి మొగ్గు చూపేవాళ్లు అందుకూ, ఒరగకుండా నిలబడే గుణానికీ చూపుతారు. ఎగువన గార్డెన్ రీచ్ యార్డు కట్టిన విద్యుత్ ఫెర్రీ ‘ఢేఉ’ ఆ రకమే: 24 మీటర్ల పొడవు, 150 మంది. హుగ్లీ మీద లారీలని దాటించే పడవలకీ, జెట్టీలకీ కలిపి 2021 జనవరిలో ప్రపంచ బ్యాంకుతో 10.5 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం కుదిరింది.

డిజైను తలకిందులుగా జరిగిన ఉదాహరణ కూడా ఈ నదిదే. చైనాలో అమ్మాలని తెచ్చిన ఆవిరి యంత్రాలు అక్కడ చెల్లక కలకత్తా చేరితే, వాటికి సరిపడా ఖిదిర్‌పూర్‌లో పడవ కట్టారు. 1823 జులై 12న నీటిలోకి దింపిన ‘డయానా’ అది. మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని కొని బర్మా యుద్ధానికి పంపేసింది.