ముప్పై సెకన్ల సైకిలు

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం ఎనిమిది మంది యువతీయువకుల చేత సైకిలు తొక్కించింది. 30 సెకన్లు శాయశక్తులా తొక్కాలి, నాలుగు నిమిషాలు తేరుకోవాలి, మళ్ళీ తొక్కాలి. పూటకు నాలుగు నుంచి ఏడు సార్లు, రెండు వారాల్లో ఆరు పూటలే. నిజంగా కష్టపడిన సమయమంతా కూడితే పావుగంట! శిక్షణకు ముందు సగటున 26 నిమిషాలకే చేతులెత్తేసినవాళ్లు, ఆ తర్వాత అదే జోరులో 51 నిమిషాలు తొక్కారు. 2005లో వెలువడిన ఫలితమిది.

ఈ స్ప్రింట్ ఇంటర్వెల్ శిక్షణ ఇప్పుడు ఇంటి గదిలోకి వచ్చింది, స్మార్ట్ ట్రైనర్ పుణ్యమా అని. సైకిలు వెనక చక్రం ఊడదీసి, చైన్‌ను యంత్రానికున్న పళ్లచక్రానికి తగిలిస్తారు. లోపల బరువైన ఫ్లైవీల్, దాని పక్కనే విద్యుదయస్కాంతాలు. కరెంటు పెరిగేకొద్దీ అవి తాకకుండానే చక్రాన్ని వెనక్కి లాగుతాయి. కాళ్లకు మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే ఉంటుంది. ఎన్ని వాట్ల శక్తి పెడుతున్నారో ఎదురుగా ఫోన్‌లో కనిపిస్తుంది.

ఆ అంకెనే గమనించాలి. మొదటి ఐదారు సెకన్లలో ఎగిసిపడుతుంది: కండరంలో సిద్ధంగా ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతోంది. పదో సెకను దాటేసరికి ఆ నిల్వ అడుగంటుతూ, భారం కండరం దాచుకున్న చక్కెర, అంటే గ్లైకోజెన్ మీద పడుతుంది. ఇరవై దాటాక తొడలు మండుతాయి, హ్యాండిల్ మీద వేళ్లు బిగుసుకుంటాయి, ఎంత తొక్కినా అంకె కిందికే జారుతుంది. జారాలి కూడా. చివరిదాకా నిలకడగా ఉందంటే, మొదట్లో బలం దాచుకున్నట్టే. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచుకోమని కండరానికి కబురందేది ఈ కష్టంలోంచే.

చాలామంది పొరబడేది ‘ఎర్గ్’ పద్ధతి దగ్గర. అందులో యంత్రం వాట్లను తగ్గనివ్వదు. కాళ్లు నెమ్మదిస్తే బిగువు ఇంకా పెంచుతుంది, చివరికి పెడల్ మొరాయిస్తుంది. స్ప్రింట్లకు దాన్ని ఆపేసి, గేర్లతోనే తొక్కాలి. విశ్రాంతిని కత్తిరించడం ఇంకో పొరపాటు. ఆ నాలుగు నిమిషాలు దండగ కావు, ఫాస్ఫోక్రియాటిన్ మళ్ళీ నిండేది అప్పుడే.

వ్యాయామం అలవాటు లేని మగవాళ్లతో గిబాలా బృందం చేసిన మరో ప్రయోగం 2016లో వెలువడింది. పది నిమిషాల వ్యాయామంలో 20 సెకన్ల స్ప్రింట్లు మూడే. వారానికి మూడు రోజుల చొప్పున 12 వారాలు చేస్తే, శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం 19 శాతం పెరిగింది. నిలకడగా 45 నిమిషాలు తొక్కినవాళ్లకూ అంతే.

గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. మిగతావాళ్లు కూడా ముందు ఒళ్లు వేడెక్కేదాకా మెల్లగా తొక్కి, మొదటి వారం రెండు స్ప్రింట్లతో ఆపేయడం మేలు.